దాసరి నారాయణరావుగారు: మనకు మిగిల్చిన ఋణము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



దాసరి నారాయణరావుగారినిగూర్చి నాలుగుమాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము జీవితమంతయు శబ్దమంజరియు రఘువంశమును వల్లెవేయించిన బడిపంతులము. చలనచిత్రములయెడ మావంటివారికి సహజమగు చిన్నచూపు మాకును ఉండెడిది. పాఠము మాని సినిమాకు పోయిన పిల్లలను బెంచీ యెక్కించిన పాపము మాకును కలదు. కాని ఆయన జీవితమును ఆమూలముగ పరిశీలించినపిమ్మట, చిన్నబోయినది మా చిన్నచూపే యని ఈ సభాముఖమున ఒప్పుకొనుచున్నాము.

పంచారామములలో నొకటియగు క్షీరారామము వెలసిన పాలకొల్లు ఆయన జన్మస్థానము. హాస్యనటులు అల్లు రామలింగయ్యగారును, దర్శకులు కోడి రామకృష్ణగారును ఆ యూరివారే. గోదావరి కాలువల నీటితో వరియు కొబ్బరియు పండు ఆ నేలయందు నాటకమును చక్కగ పండినది. నారాయణరావుగారు నాటకరంగమునుండి చిత్రసీమ కేగి, రచయితగను సహాయదర్శకులుగను పనిచేసి, 1972లో కె. రాఘవగారు నిర్మించిన 'తాత మనవడు' చిత్రముతో దర్శకులైరి. అందు ఎస్.వి. రంగారావుగారును, అదివరకు నవ్వించుటకే పరిమితుడని లోకము తలచిన రాజబాబుగారును ప్రధానపాత్రలు ధరించిరి. కన్నవారిని బరువుగ నెంచు కొడుకు కథ యది. అప్పటికి మేము బాలురము. మా తాతగారితో కలిసి ఆ చిత్రమును చూచితిమి. ఇల్లు చేరువరకు ఆయన యొక్కమాటయు పలుకలేదు. అరుగుమీద కూర్చుండి, "వీడు మనయిండ్లలోనికి తొంగిచూచినాడురా" అని మాత్రము అనిరి. నారాయణరావుగారి ప్రతిభకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానమును మేము నేటివరకు వినలేదు.

అది మొదలు ఆయన దర్శకత్వము వహించిన చిత్రములు సుమారు 150. 1975లో 'స్వర్గం నరకం' చిత్రమున క్రొత్తనటులకు పెద్దపీట వేసిరి. మోహన్‌బాబుగారికి గుర్తింపు అందుండియే కలిగెను. 1980లో 'సర్దార్ పాపారాయుడు', 1981లో 'ప్రేమాభిషేకం', 1982లో 'బొబ్బిలిపులి'. ఈ కడపటిది సెన్సారువారి యభ్యంతరములను దాటి వెలువడినది. నందమూరి తారకరామారావుగారు తెలుగుదేశమును స్థాపించినదియు ఆ సంవత్సరముననే. అదే యేట వచ్చిన 'మేఘసందేశం' పేరు కాళిదాసు నెరిగిన మావంటివారి నాకర్షించినది. ఆ చిత్రమునకును, రమేశ్‌నాయుడుగారి సంగీతమునకును, సుశీలమ్మగారి గానమునకును, ఏసుదాసుగారి గానమునకును జాతీయపురస్కారములు లభించినవి.

దర్శకుడనగా తెరవెనుక వ్యక్తి యని లోకము తలచు దినములలో, గోడపత్రికలమీద మేఘాకృతిలో తన పేరు వేయించుకొని, చిత్రమునకు కర్త యెవరో జనులకు తెలియజేసిన వారాయన. ఇది యహంకారమని కొందరనిరి. పద్యము క్రింద కవి పేరుండుట యహంకారమైనచో ఇదియు నహంకారమే. నటులుగను ఆయన వెలసిరి. 1991నాటి 'మామగారు' నేటికిని జనుల నోట నున్నది. చిత్రసీమలో కార్మికులకును నిర్మాతలకును తగవు వచ్చినప్పుడు ఇరువురును ఆయన గడప త్రొక్కెడివారు. ఆయన జన్మదినమైన మే 4వ తేదీని తెలుగు దర్శకులు తమ దినముగ జరుపుకొనుట ఆ పెద్దరికమునకు సాక్ష్యము.

ఇక ప్రజాజీవితము. 1984లో 'ఉదయం' దినపత్రికను స్థాపించి, ఏ.బి.కె. ప్రసాద్‌గారిని సంపాదకులుగ నిలిపిరి. 2000లో కాంగ్రెసుపక్షమున రాజ్యసభకు ఎన్నికై, మరల 2006లో ఎన్నికై, 2012వరకు సభ్యులుగ నుండిరి. 2004నుండి 2008వరకు కేంద్రమున బొగ్గుశాఖకు సహాయమంత్రిగ పనిచేసిరి. 2016లో ముద్రగడ పద్మనాభంగారు కిర్లంపూడిలో నిరాహారదీక్ష వహించినప్పుడు, ఆయనకు బాసటగ నిలిచిరి. ఈ సభ ఆ మాటను మరువరాదు.

మరువరానిది మరియొకటి యున్నది. సన్మానసభలలో దానిని దాటవేయుట ఆచారము, మేము దాటవేయము. 2013లో కేంద్రపరిశోధకసంస్థ, ఝార్ఖండమునందలి బొగ్గుగని కేటాయింపు విషయమున ఆయనపై కేసు పెట్టినది. ఆయన ఆ యారోపణముల నంగీకరింపలేదు. న్యాయస్థానము తీర్పు చెప్పకమునుపే, 2017 మే 30వ తేదీన హైదరాబాదున తనువు చాలించిరి. కావున ఆయన దోషియని పలుకుట కెవరికిని అధికారము లేదు. కులాభిమానముచే ఆ ప్రస్తావనయే రాలేదన్నట్లు నటించుటకు మనకును అధికారము లేదు. మన పిల్లలు రాజకీయములలో ప్రవేశింపవలెనని ప్రతి మహాసభయందును తీర్మానించుచున్నాము. పదవితోపాటు సంజాయిషీయు వచ్చునని వారికి చెప్పువా రెవరు? మనవాని విషయమున మనమే నిజము చెప్పకున్నచో, పరులు చెప్పినప్పుడు నొచ్చుకొన తగదు.

ఇప్పుడు మేము వచ్చిన పని మనవిచేసెదము. ఈ ప్రాంగణమునం దాయన చిత్రపటమునకు పూలదండ వేసితిమి; 'మనవాడు' అని గర్వించుచున్నాము. మంచిదే. కాని ఆ మనవాడు తీసిన కథ లెవరివి? 1975లో రంగనాయకమ్మగారి నవల ననుసరించి తీసిన 'బలిపీఠం' హరిజన యువకుని పెండ్లాడిన బ్రాహ్మణయువతి కథ. 1997నాటి 'ఒసేయ్ రాములమ్మా' దొరల దౌర్జన్యమునకు గురియైన పేదస్త్రీ కథ. తన కులమునుగూర్చి ఆయన సిగ్గుపడలేదు. తన కథలకు మాత్రము కులపు గోడలు కట్టలేదు. మనము వెనుకబడితిమనియు, మనకు రక్షణలు కావలెననియు ప్రభుత్వము నర్థించుచున్నాము. ఆ కోరిక న్యాయమని మేమును నమ్ముదుము. అయితే న్యాయ మడుగువాని చేతిలో న్యాయము కొంత యుండవలెను గదా. మన చేలలో నాట్లువేయువారి బిడ్డలను, మన వరికుప్పలు నూర్చువారి బిడ్డలను మన మేమి చేసితిమి?

కావున దాతలకు మా విన్నపము. ఆయన పేర విగ్రహము నిలుపుదమన్న ఆలోచన విన్నాము. ఆ ధనముతో ఆయన పేర విద్యార్థివేతనముల నేర్పరుపుడు. అందు మూడవవంతు మన కులము గాని బీదపిల్లలకు, ముఖ్యముగ మన పొలములలో పనిచేయు కుటుంబములవారికి కేటాయింపుడు. చెట్టు నాటినవాడు నీడకు హద్దులు గీయడు. ఇందుకు సభవారు సమ్మతింపకున్నచో, మా పింఛనులో నొక నెల మొత్తముతో మేమే మొదలుపెట్టుదుము. ఆ సొమ్ము కార్యదర్శిగారి కిప్పుడే యందజేయుచున్నాము.

'తాత మనవడు'తో మొదలైన ఆయన దర్శకత్వము 2014లో 'ఎర్రబస్సు'తో ముగిసినది. అందు పల్లెనుండి మనుమనిచెంతకు పట్టణమునకు వచ్చిన తాతగ ఆయనయే నటించిరి. తాతను మనుమ డాదరించునా యన్నదే మొదటినుండి తుదివరకు ఆయన ప్రశ్న. ఆయన మనకిప్పుడు తాత; మనమాయనకు మనుమలము. సమాధానము చెప్పవలసిన వంతు మనది.

మా మాటలలో పరుషమేమైన నున్నచో, అది బడిపంతులకు అలవాటైన దోషమని పెద్దలు క్షమింతురుగాక.