చేరుట, చాలుట

నెల ఇరువదవ తేదీనాటికే డబ్బాలో బియ్యము అడుగంటినచో ఇల్లాలు ఏమనును? "ఈ బియ్యము నెలాఖరువరకు రావు" అనును. బియ్యమునకు కాళ్లు లేవు; అవి నడచివచ్చునవి కావు. అయినను ఆ మాటకు ఇంటిలో నెవ్వరును తెల్లబోరు. రాకను తెలుపు క్రియ చాలుటను గూడ తెలుపుట మనకంత సహజము. ఇంగ్లీషులో ఇదే చెప్పవలెనన్నచో 'కమ్' అను మాట పనికిరాదు. 'లాస్ట్' అని, అనగా నిలుచుటయని, మార్చుకొనవలెను. స్పెయిను దేశస్థునకును, పోర్చుగీసువానికిని మాత్రము మన ఇల్లాలి మాట ఉన్నదున్నట్లుగా బోధపడును.

వారి భాషలలో ఆ పని చేయు క్రియ యొకటి కలదు. స్పానిషున దానిని "యెగార్" అందురు. పోర్చుగీసున "షెగార్" అందురు. నిఘంటువు తెరచినచో రెండింటికిని ఇంగ్లీషు 'అరైవ్', అనగా చేరుట, అర్థముగా కనబడును. వినుటకు వేర్వేరుగా తోచినను ఇవి తోబుట్టువులే. మడచుట యను అర్థము గల లాటిను "ప్లికారె" వీని తల్లి. లాటిను మాటల మొదట నుండు 'ప్ల', 'క్ల'లు పెక్కు పదములలో నేటి స్పానిషు పలుకుబడిలో యకారముగను, పోర్చుగీసున షకారముగను మారినవి. లాటిను వాన "ప్లూవియా". అది స్పానిషున "యూవియా", పోర్చుగీసున "షూవ". లాటిను తాళపుచెవి "క్లావిస్"; స్పానిషున "యావే", పోర్చుగీసున "షావి". 1498లో వాస్కోడగామా కోళిక్కోడు తీరము చేరిన పిమ్మట పోర్చుగీసు ఓడలలో మన దేశమునకు వచ్చిన మాటలలో ఇది యొకటి. హిందీ "చాబీ" ఇదియే. ఆ కాలపు పోర్చుగీసువారు షకారమునకు బదులు చకారమే పలికెడివారు గనుక మనవద్ద చకారమే నిలిచినది. మన అలమార, మేస్త్రీ, బొత్తాము కూడ ఆ యోడలు దిగినవే.

మడచుటకును చేరుటకును సంబంధమేమి? రేవు చేరిన నావికులు తెరచాపలు మడచెదరు, కావున మడచుటయే చేరుట యయ్యెనని యొక వివరణ. రోమనులు "అప్లికారె" యను సోదరపదమును ఓడను ఒడ్డున కానించుట యను అర్థమున నిజముగనే వాడిరి. మన పిల్లలు ఉద్యోగములకు పెట్టుకొను 'అప్లికేషను' ఈ కుటుంబములోనిదే. వింత యేమనగా, అదే ప్లికారె నుండి పుట్టిన రుమేనియను క్రియకు అర్థము బయలుదేరుట! అచ్చటివారు గుడారములు మడచి కదలిన దండువారి సంతతి గనుక అట్లైనదని కొందరందురు. ఈ కథలను పండితులందరును ఒప్పుకొనరు. ఒకే మాట ఒకచోట రాక, మరియొకచోట పోక యైనదనుట మాత్రము నిజము.

ఇంగ్లీషు 'అరైవ్' కూడ నీటిమీద వచ్చినదే. లాటినున "రీపా" యనగా ఒడ్డు. ఒడ్డు చేరుట యను భావము ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు దిగినది. కష్టము గడచినప్పుడు "ఒడ్డున బడితిమి" అనుకొను మనకు ఇది క్రొత్త గాదు. కాని ఆ పదము ఒడ్డు చేరి దాదాపు అచ్చటనే నిలిచిపోయినది. షెగార్ అట్లు కాదు. పిల్లవానిని దగ్గరకు జరుగుమనుటకు అదియే, జీతము సరిపోవుట లేదనుటకు అదియే, అల్లరి మితిమీరినప్పుడు "షేగ!" అని కేక వేసినచో "ఇక చాలు" అని అర్థము. ఈ కడపటి చోట స్పానిషువారు తమ యెగార్‌ను వాడరు, "బాస్తా" అందురు. తోబుట్టువులైనంత మాత్రమున అన్ని అలవాట్లును ఒకటిగా నుండవు గదా.

1958లో బ్రెజిలు దేశమున "షేగ జి సౌదాజి" యను పాట వెలువడినది. స్వరము ఆంతోనియో కార్లోస్ జోబిం, సాహిత్యము వినీసియుస్ జి మొరాయిస్. ఆ యేటనే జోవావ్ గిల్బెర్తో పాడిన రికార్డుతో "బోసా నోవా" యను సంగీతరీతి ఆరంభమైనదని చెప్పుదురు. సౌదాజి యనగా దూరమైన వారిని, గడచిన దానిని తలచుకొని పడు బెంగ. ఇంగ్లీషున ఈ పాటకు "నో మోర్ బ్లూస్" అని పేరు పెట్టిరి. అర్థము తప్పలేదు. కాని 'నో మోర్' అన్నప్పుడు బెంగ ఇక లేదని తేల్చివేసినట్లున్నది. 'షేగ' అన్నప్పుడు, బెంగ వచ్చి వచ్చి గొంతువరకు చేరినది, ఇక చాలునన్న మొర వినబడును. చేరుటకును చాలుటకును నడుమనున్న ఆ మెట్టు ఇంగ్లీషున జారిపోయినది.

ఇది మాటల వినోదము మాత్రమే యైనచో మీ ప్రొద్దు తీసికొనియుండను. స్పానిషు, పోర్చుగీసు గ్రంథములు తెలుగునకు చాలవరకు ఇంగ్లీషు మీదుగనే వచ్చుచున్నవి. మూలమున షెగార్ ఉన్నచోట ఇంగ్లీషు అనువాదకుడు ఒకతావున 'అరైవ్', ఒకతావున 'ఎనఫ్', మరియొకతావున 'లాస్ట్' అని వేయును. అతని తప్పు లేదు. అతని భాష అట్టిది. మనము ఆ మూటిని చూచి మూడు తెలుగు మాటలు వెదకుదుము. మూలకర్త ఒకే మాటను మూడుమార్లు పలికించి సాగించిన భావము అచ్చట తెగిపోవును. దానిని నిలుపగల 'వచ్చు' మన వంటయింటిలోనే యున్నను, ఇంగ్లీషు పుట చూచువానికి అది తట్టదు.

ఆ పాట పేరునే తీసికొందము. "బెంగ యిక లేదు" అనుట ఇంగ్లీషునకు తెలుగు. "వచ్చిన బెంగ చాలును" అనుట మూలమునకు కొంత దగ్గర. 'వచ్చిన' యను మాటను నేను కోరి నిలిపితిని. పాడువారికి అది పొడవుగా తోచవచ్చును.