కోర్టులో చెల్లని కాగితం ఎందుకు రాసుకోవాలి?

వ్యాపారులు మాలాంటి వకీళ్లను తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఎంఓయూ (అవగాహన పత్రం) కోర్టులో చెల్లదంటారు, మరి దాని మీద సంతకం దేనికండీ?"

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారు, ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని చేతులు కలపాలనుకున్నారనుకోండి. టిక్కీకి (మిర్చి బస్తాకు) అద్దె ఎంతో మాటల్లోనే కుదిరింది. సరుకు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో అదీ తేలింది. ఇప్పుడు అదంతా ఒకటిన్నర పేజీలో రాయమనండి. బీమా దగ్గరికొచ్చేసరికి కలం ఆగుతుంది. గోడౌను యజమానిది, బీమా ఆయనే చేయిస్తాడని ఎగుమతిదారు ధీమా. సరుకు ఎగుమతిదారుది, ప్రీమియం ఆయనే కడతాడని యజమాని ధీమా. ఇద్దరూ ఆ మాట ఎత్తనేలేదు! అది గోడౌను కాలాక బయటపడితే రెండు కుటుంబాలు రోడ్డున పడతాయి. ఇంకా రూపాయి పెట్టకముందే బయటపడితే ఒక పూటలో తెగుతుంది. తప్పు రాసినా మెడకు చుట్టుకోదన్న ధైర్యం ఉంటుంది కాబట్టే ఆ పూట ఇద్దరూ మనసు విప్పి మాట్లాడతారు. నా దృష్టిలో ఆ కాగితం అసలు విలువ ఇదే.

చట్టం ఏమంటుందో కొంచెం చెబుతాను. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. షరతులు ఏమిటో తేల్చి చెప్పలేని ఒప్పందం చెల్లదని దాని 29వ సెక్షన్ చెబుతుంది. ఎంఓయూ లాంటిదే అయిన లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనేది మున్ముందు ఒప్పందం చేసుకోవాలన్న ఉద్దేశాన్ని తెలిపేది మాత్రమేనని 2006లో డ్రెస్సర్ రాండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అలాగని నిశ్చింతగా ఉండకండి. ట్రైమెక్స్, వేదాంత కంపెనీల బాక్సైట్ బేరం చూడండి. ధర, పరిమాణం, రవాణా అన్నీ ఈమెయిళ్లలోనే కుదిరాయి, లాంఛనంగా రాయాల్సిన ఒప్పందం మీద మాత్రం సంతకాలు పడలేదు. అయినా కాంట్రాక్టు పూర్తయినట్టేనని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ముఖ్యమైన షరతులన్నీ తేలిపోయి, ఒప్పుకున్నామని రాసేశాక, సంతకం పెట్టలేదు కదా అంటే కుదరదు. వాట్సాప్‌లో సరే అని కొట్టేముందు ఒక్క నిమిషం ఆగండి.

ఇంగ్లండులో ఇంకో కేసుంది. కార్బన్ పేపరుకు వాడే పల్చటి కాగితం అమ్మకాల మీద రోజ్ అండ్ ఫ్రాంక్, క్రాంప్టన్ కంపెనీలు 1913లో ఒక పత్రం రాసుకున్నాయి. ఇది కోర్టులకెక్కే ఒప్పందం కాదు, పరస్పర గౌరవం మీద నడిచేదని అందులోనే పెట్టుకున్నాయి. ఏళ్ల తరబడి వ్యాపారం నడిచి, చివరికి గొడవైంది. ఆ పత్రానికి కట్టుబాటు లేదు, కానీ అప్పటికే ఒప్పుకున్న ఒక్కో ఆర్డరూ దానికదే కాంట్రాక్టు అని బ్రిటన్ ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) తీర్పు.

అందుకే ఏది కట్టుబాటో, ఏది కాదో కాగితంలోనే విడదీసి రాయండి. లెక్కలు బయటపెట్టకూడదన్నది, ఫలానా తేదీ దాకా మరొకరితో బేరమాడకూడదన్నది కట్టుబాటు చేసుకోండి. తేదీ వేయడం మరవకండి. మరొకరితో బేరమాడనన్న మాటకు గడువు లేకపోతే అది నిలవదని 1992లో వాల్ఫర్డ్, మైల్స్ కేసులో అదే ప్రభువుల సభ చెప్పింది. అడ్వాన్సు మాత్రం ఈ కాగితంలో కలపొద్దు. ఇవ్వక తప్పకపోతే, బేరం చెడితే ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో రాసి విడిగా రసీదు తీసుకోండి.