ఆఱుగుండ్ల తుపాకి
(ఒక గ్రంథాలయ వార్షికసభలో చేసిన యుపన్యాసము)



న్యాయశాస్త్రమునకు సంబంధించిన విషయ మేదైనను పదిమందికి బోధపడునట్లు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. దావాలును అప్పీళ్లును మీకు కచేరి యావరణములో వలసినంత లభించుచున్నవి. కావున వానిని విడిచి, కడచిన వేసవిలో ఇంగ్లండుదేశమున మా మేనల్లుని యింట నుండగా నొక యాదివారము నేను చూచినదానిని చెప్ప నిశ్చయించుకొంటిని. విషయము రివాల్వరు. ఈ మాట చెవిని బడగనే ముందువరుసలోని పెద్దలు కొందఱు చిఱునవ్వు నవ్వుచున్నారు. ఖద్దరు కట్టి గ్రంథాలయోద్యమములో ఊరూర దిరిగిన వకీలునకు ఆఱుగుండ్ల తుపాకితో నేమి పనియని వారి భావము కాబోలు. పనిలేదు. మా యింట కూరగాయల కత్తిపీటను మించిన యాయుధము లేదు. అయినను ఆనాడు విన్న మాట యొకటి నన్ను విడువకున్నది.

లండనునకు నైరుతిదిక్కున సర్రీ మండలములో బిస్లీ యను గ్రామము కలదు. 1859లో స్థాపితమైన జాతీయ రైఫిలు సంఘమువారు 1890లో తమ పోటీలను వింబుల్డనునుండి ఇచ్చటికి మార్చిరి. విశాలమైన పచ్చికబయలు, దాని చివర గుండ్లను మ్రింగు మట్టికట్టలు, ఎఱ్ఱజెండాలు, నడుమనడుమ వరండాలుగల పాత బంగళాలు. చూడగా మన కంటోన్మెంటు ఊళ్లలోని క్లబ్బులు జ్ఞప్తికి వచ్చును. ఇట్టి మైదానమును మనవైపు చాందమారి యందురు. అచ్చట పందెము పెట్టు వెండికప్పులలో నొకటి 1871లో కొల్హాపురపు రాజుగారు బహూకరించినది. ఆ తరువాత ఏడేండ్లకు మనదేశమున ఆయుధచట్టము వచ్చెను. రాజుగారి కప్పుకొఱకు తెల్లవారు గుఱిపెట్టుచుండగా, చేనిలోని యడవిపందిని దోలుటకు తుపాకి కావలెనన్న బ్రిటిషిండియా రైతు కలెక్టరు కచేరి గుమ్మమున నిలువవలసి వచ్చెను. ఈ సంగతికి మఱల వత్తును.

మా మేనల్లుని స్నేహితుడొక డచ్చటి క్లబ్బులో సభ్యుడు. అతని యతిథులుగా మేము పోవునప్పటికి పదిమంది దాక ఒక పొడుగుబల్ల చుట్టును గుమికూడియుండిరి. బల్లపై పాతకంబళి పఱచియుండెను. దానిపై తమతమ రివాల్వరులను ఉంచుకొని, మన యిండ్లలో పెండ్లినాడు నగలు చూపుకొనునట్లు, ఒకరివి యొకరు చూచుకొనుచుండిరి. ఒక మర్యాద నన్నాకర్షించెను. ఇచ్చువాడు ముందుగా గుండ్లగదులను తెఱచి అవి ఖాళీయని చూపి యిచ్చును. పుచ్చుకొనువాడు ఆ క్షణముననే చూచియుండియు, తాను మఱల తెఱచి చూచును. అందుల కెవరును అవమానపడరు. మేము దస్తావేజు చేతబట్టినపుడు ఎవరు తెచ్చినదైనను స్టాంపును తేదీని చూచుట యిట్టిదే.

ఆ కంబళిమీద నూటయేబదియేండ్ల చరిత్ర పఱచియున్నదని చెప్పవచ్చును. అందఱికంటె పెద్దవాడైన యొక విశ్రాంత ఉపాధ్యాయుడు నాకు గురువయ్యెను. ఆయన మొదట చూపినది కోల్టు రివాల్వరు. సామ్యుయేలు కోల్టు పదియాఱేండ్ల బాలుడై యుండగా 1830లో కోర్వో యను నోడపై కలకత్తాకు ప్రయాణము చేసెను. ఆ ప్రయాణముననే కొయ్యతో తిరుగుడు తుపాకి నమూనాను చెక్కెనట. ఓడలోని చక్రము కదలి యాగు తీరును చూచి ఆ యూహ పుట్టినదని కొందఱందురు. కాలియరు అను వాడు అంతకుముందే చేసిన తిరుగుడు తుపాకులను మనదేశమునందలి సిపాయిదొరలవద్ద చూచియుండునని కొందఱందురు. 1836లో అమెరికా పేటెంటు దొరకెను. మొదటి కర్మాగారము 1842లో దివాలా తీసెను. 1847లో మెక్సికో యుద్ధమునకు వేయి రివాల్వరులు కావలసివచ్చుటతో అతని దశ తిరిగెను. యంత్రము గొప్పదైనను కొనువాడు యుద్ధమే!

పిదప స్మిత్ అండ్ వెస్సనువారి తొలినాళ్ల చిన్న రివాల్వరు. దీని కథ మావంటి వకీళ్లు వినదగినది. సిలిండరును ఈకొననుండి ఆకొనవఱకు తొలిచి, వెనుకవైపునుండి తూటాను దూర్చు పద్ధతికి రోలిన్ వైట్ అనువాడు 1855లో పేటెంటు పొందెను. కంపెనీవారు దానిని కౌలునకు తీసికొని, ఒక్కొక్క రివాల్వరునకు ఇరువదియైదు సెంట్లు ఇచ్చునట్లును, పేటెంటును ధిక్కరించినవారిపై వ్యాజ్యములు మాత్రము వైటే తన ఖర్చుతో నడుపునట్లును ఒడంబడిక వ్రాయించుకొనిరి. కంపెనీ ధనవంతమయ్యెను, వైటునకు వచ్చిన సొమ్ములో చాలభాగము కోర్టుల పాలయ్యెను. గడువు 1869లో తీరగా పొడిగింపునకై కాంగ్రెసు నాశ్రయించెను గాని, అధ్యక్షుడు గ్రాంటు 1870లో ఆ బిల్లును త్రోసిపుచ్చెను. చదువక సంతకము చేయు కక్షిదారులకు నేనీ కథను చెప్పుచున్నాను.

రష్యావారు 1895లో స్వీకరించిన నగాన్ రివాల్వరు నొక యువకుడు విప్పి చూపెను. అన్ని రివాల్వరులలోను సిలిండరునకును గొట్టమునకును నడుమ వెంట్రుకవాసి సందుండును. ఆ సందులోనుండి మంటయు ఆవిరియు తప్పించుకొనును. నగానులో మీట నొక్కగనే సిలిండరు ముందునకు జరిగి గొట్టమునకు అతుకుకొని ఆ సందును మూయును. ఏడు గుండ్లు పట్టును. అయితే మీటను లాగుటకు వ్రేలు నొచ్చును. చాతుర్యమెక్కువైన యంత్రములన్నిటికిని ఇట్టి బాధ యేదో యొకటి యుండక తప్పదు.

చివర వెబ్లీ. 1887నుండి బ్రిటిషు సైన్యమునకు ఇదియే చేతియాయుధముగా నుండెడిది. ఆ మాదిరులలో ఆఱవది 1915 నాటిది. బొటనవ్రేలితో బొడిపెను నొక్కి గొట్టమును క్రిందికి వంచగనే అది చిక్కుడుకాయ విచ్చునట్లు విచ్చి, కాలిన యాఱు తూటాడొప్పలను ఒక్కసారిగా వెలికి నెట్టును. దానిని నా చేతి కిచ్చినపుడు బరువునకు చేయి క్రుంగెను. పెద్దాయన దానిని ఉపాధ్యాయుడు సంస్కృతశ్లోకమును వలె వ్యాఖ్యానించుచుండెను. నేనో, మన తాతల కాలపు పోలీసు సూపరింటెండెంటు నడుమున వ్రేలాడిన తోలుసంచిని తలచుకొనుచుంటిని. ఒకే యినుపముక్క, ఇరువురికి రెండు గ్రంథములు.

తరువాత మైదానమునకు బోయితిమి. కండ్లకు అద్దములు, చెవులకు దొప్పలు. గుఱిపలకలకు ఇరువదియైదు గజముల దూరమున వరుసగా నిలిచితిమి. క్లబ్బులోనే శిక్షణ పొందిన పర్యవేక్షకుడొకడు గట్టిగా ఆజ్ఞల నిచ్చుచుండెను. ఆయన మాటకు ఎదురుమాట లేదు. లక్షలు గడించిన వైద్యుడైనను, బండి తోలువాడైనను, "ఆపుడు" అన్న మాట వినగనే ఆయుధమును క్రిందనుంచి వెనుకకు జరుగవలసినదే. ఎవరైన పలకలవద్దకు నడచుచుండగా వెనుకనున్నవారు బల్లపై తుపాకిని తాకనైన తాకరాదు.

నాకు ఇచ్చినది పాతకోల్టు ఫక్కిని ఈకాలమున చేసిన ముందుమందు రివాల్వరు. ముందుగనే కొలిచి చిన్నసీసాలలో పోసి తెచ్చిన నల్లమందును ఒక్కొక్క గదిలో పోసి, సీసపుగుండును పైనుంచి క్రింది మీటతో దిగగొట్టవలెను. గుండు గదికంటె ఇంచుక పెద్దది. దిగునపుడు అంచున ఉంగరమువలె సీసపుపొర తెగి పడును. తెగినచో బిగువు సరిపోయినట్లు. ఒకగది నిప్పు మఱియొక గది కంటకుండ పైన కొవ్వు పూసి, వెనుక కేపులు తొడిగితిని. ఆఱింటిలో ఐదింటినే నింపి, సుత్తి క్రింది గదిని ఖాళీగా ఉంచుమనిరి. ఇంత పరిశ్రమకు ఫలము ఐదు చప్పుళ్లు. మీట నొక్కగనే చప్పుడుకంటె ముందు పొగ కనబడినది. దీపావళి మఱునాటి వీధివాసన ముక్కునకు సోకినది. ఐదుగుండ్లలో రెండు పలకను తాకెను. మూడవది ఎచటికి బోయెనో సర్రీ మండలమునకే తెలియవలెను. "మామా, ఇంకొకసారి" యని మేనల్లుడు ప్రోత్సహించెను గాని, నాకు చేతులు చెమర్చుచుండెను. నిజము చెప్పవలెనన్న భయముతోపాటు ఒక సంతోషముకూడ కలిగెను. శ్వాసను బిగబట్టి, మనస్సును ఒక బిందువునందు నిలుపుట, అది జపము వంటిదే. ఈ వ్యసనములోని ఆకర్షణ నాకపుడు బోధపడినది.

మధ్యాహ్నము వరండాలో తేనీరు త్రాగుచు నేనొక పిచ్చిప్రశ్న వేసితిని: "ఇంత ప్రేమించు వస్తువులను ఇండ్లలో నుంచుకొనక ఇక్కడి యినుపగదులలో నేల దాచితిరి?" కొంతసేపు ఎవరును మాటాడలేదు.

1996 మార్చి 13వ తేదీని స్కాట్లండులోని డన్‌బ్లేను పట్టణమున నొకడు ప్రాథమిక పాఠశాలలో దూరి, ఐదాఱేండ్ల పసిబిడ్డలను పదియాఱుగురిని, వారి యుపాధ్యాయినిని కాల్చి చంపి, తానును చచ్చెను. వానివద్దనున్న నాలుగు చేతితుపాకులలో రెండు రివాల్వరులు. అన్నిటికిని లైసెన్సులు కలవు. వాడును గుఱిసాధన చేయువాడే. విచారణ జరిపిన కల్లెన్ ప్రభువు, లైసెన్సు విషయమున పోలీసులు చూపిన యలసతను దూషించెను. 1997లో రెండు చట్టములు పుట్టెను: మొదటిది పెద్ద తూటాల చేతితుపాకులను, ఎన్నికల పిదప వచ్చిన రెండవది చిన్నవానినిగూడ నిషేధించెను. ఉత్తర ఐర్లండు తప్ప బ్రిటనంతటను నష్టపరిహారము పుచ్చుకొని ప్రజలు లక్షాఅఱువదివేలకు పైబడిన చేతితుపాకులను పోలీసుల కప్పగించిరి. చారిత్రక విలువగల వానికి మాత్రము సందు విడిచిరి. 1919కి పూర్వము తయారై, తూటాలు సులభముగ దొరకనివైనచో సేకరణగా ఇంట నుంచుకొనవచ్చును. మిగిలిన యపురూపములు బిస్లీవంటి నిర్ణీతస్థలములయందే నిలువయుండవలెను, అచ్చటనే కాల్చవలెను. ముందుమందు రివాల్వరు లీ నిషేధములోనికి రాలేదు.

పెద్దాయన చెప్పెను: "అయ్యా, నేనేమి నేరము చేసితిని? ముప్పదియేండ్లలో ఒక్క నియమము తప్పలేదు. ఎవడో చేసిన పాపమునకు మా తాతగారి వెబ్లీని చూచుకొనుటకు నలువదిమైళ్లు రావలసియున్నది." కొంత తడవాగి, తలవంచుకొని, "అయినను నేను బడిపంతులును. ఆ సంవత్సరము నా తరగతిలో ఐదేండ్ల పిల్లలే" యనెను.

నేను వకీలును గనుక ఇరుపక్షములు వినుట నాకు వాడుక. ఆయన బాధ నిజము. ఒకని దుష్కృతమునకు లక్షమందిని కట్టివేయుట న్యాయమా యను ప్రశ్నయు నిజమే. కాని ఆయన "మీ దేశములో చట్ట మెట్టిది?" యని యడుగగా, నేను 1878 నుండి మొదలుపెట్టితిని. లిట్టను ప్రభువు వైస్రాయిగా నున్న ఆ యొక్క సంవత్సరముననే దేశభాషాపత్రికల నోరు నొక్కు చట్టమును, జనుల చేతులు కట్టు ఆయుధచట్టమును వచ్చినవి. పత్రికల చట్టము రిప్పను ప్రభువు కాలమున పోయినది, ఆయుధచట్టము నిలిచినది. ఏ పాఠశాలలోను ఏ ఘోరమును జరుగలేదు. ఏ యెన్నికలును లేవు. అన్నిటికంటె ముఖ్యము: ఐరోపావానికి మినహాయింపు, మనకు లైసెన్సు! మనవారిలో కొడగుసీమవారివంటి కొందఱికి మాత్రము మినహాయింపు దొరకినది. అది వారికి నేటికిని కలదు. 1887లో మదరాసు కాంగ్రెసు ఈ నిబంధనలను సడలింపుమని తీర్మానించెను. జాతిభేదము నిబంధనలనుండి తొలగుటకు 1920 వఱకు పట్టినది. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తీసికొనిపోయిన వేమి? ధనము కాదు, తుపాకులును మందుగుండును. జనుల యిండ్లలో లేనివి ఠాణాలలో నుండెను గనుక.

ఆ పెద్దాయన కీసంగతు లెవ్వియు తెలియవు. వెబ్లీలో ఎన్ని మరలున్నవో ఎఱిగినవాడు, అది యెవరివైపు చూచినదో ఎఱుగడు. "మాకెవరును చెప్పలేదు" అనెను. ఆ మాటలో కపటము లేదు. నన్ను విడువకున్నదని చెప్పినది ఆ మాటయే.

తరువాత ఆయనయే తర్కమును ముందునకు సాగించెను: "అట్లయిన మీ స్వరాజ్యములో ఆయుధము హక్కు కావలెను గదా?" 1928 నాటి నెహ్రూ నివేదికలోను, 1931 నాటి కరాచీ తీర్మానములోను నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును మనవారు కోరిన మాట నిజమే. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో కామత్‌గారు దానిని మూలాధికారములలో చేర్పవలెనని సవరణ తెచ్చిరి; అంబేద్కరుగారు ఎదిరించిరి; సభ త్రోసిపుచ్చెను. నిరాయుధులై శాంతముగ సభ కూడు హక్కు మాత్రము పందొమ్మిదవ యధికరణములో నిలిచినది. 1959 చట్టము పాతదానిని తొలగించెను. 2019 సవరణతో ఒక్కొక్కరి తుపాకుల పరిమితి మూడునుండి రెండునకు తగ్గెను. పేరొందిన గుఱికాండ్రకు మాత్రము వేఱు సడలింపు కలదు. నా కక్షిదారులలో నొక వృద్ధుడు, తండ్రినాటి రివాల్వరును మూడవదిగా అప్పగింపవలసి వచ్చి, నా గదిలో కూర్చుండి కంటతడి పెట్టెను. చట్టము చెల్లునని చెప్పి పంపితిని. ఆయన తండ్రినాడైన దానిని చెల్లునని చెప్పుటకు నాకు నోరు వచ్చెడిది కాదు. అపుడు చట్టము చేసినవాడు మనలను చూచి భయపడినవాడు. ఇపుడు చేసినది మనము పంపిన సభ. నా కక్షిదారుడు వచ్చు ఎన్నికలో తన ప్రతినిధిని నిలదీయవచ్చును, బిస్లీ పంతులును అట్లే. పోగొట్టుకొన్నవారే గాని, వారు అవమానితులు కారు. నేనిట్లు చెప్పగా ఆయన ఒప్పుకొనలేదు. "అవమానమును కొలుచుటకు మీవద్ద గజముబద్ద కలదా?" యనెను. దానికి నావద్ద సమాధానము లేకపోయెను.

ప్రొద్దు వాలుచుండగా అందఱును ఆయుధములు శుభ్రము చేయ మొదలిడిరి. నల్లమందు మసి గాలిలోని తడిని పీల్చి రాత్రికిరాత్రి ఇనుమును త్రుప్పు పట్టించును. కావున సబ్బునీటిని మఱిగించి గొట్టములలో పోసి, గుడ్డలతో తుడిచి, నూనె పట్టించిరి. పెద్దాయన వెబ్లీని మూడుమాఱులు తుడిచెను. ఇనుపగదివద్ద గుమాస్తా సంఖ్యను సరిచూచి, పెద్ద పుస్తకమును ముందుకు జరిపెను. ఆయన కండ్లజోడు సవరించుకొని, తేదీ వేసి, సంతకము చేసెను. తలుపు మూసికొన్నది. ఖాళీ సంచిని చంకబెట్టుకొని మాతో వరండా మెట్లు దిగి వచ్చెను. మైదానమున ఎఱ్ఱజెండాను దింపుచుండిరి.