పెట్ట గంప దిగదేం?

(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పెరటి కోళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేత సంగతి, టీకాల సంగతి మీ పశుమిత్రలు చెబుతూనే ఉంటారు. నేను ఇవాళ ఒక్క విషయమే పట్టుకుంటాను. సంఘం అప్పుతో కోళ్ళు తెచ్చుకున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "మేడం, పెట్ట పన్నెండు గుడ్లు పెట్టి ఆపేసింది. గంపలోంచి లేవదు, చెయ్యి పెడితే పొడుస్తోంది. కిస్తీ ఎట్లా కట్టేది?"

అలా కూర్చున్న పెట్టను కొందరు నీళ్ళ తొట్టిలో ముంచుతారు. కొందరు ముక్కు రంధ్రాల్లో ఈక గుచ్చుతారు. మొండిది అని తిట్టడం సరేసరి. అది మొండితనం కాదమ్మా. దాని మెదడులో, రక్తంలో ఏం జరుగుతోందో తెలిస్తే ఆ మాట మీరే అనరు.

కోడి మెదడు అడుగున పిట్యుటరీ అని చిన్న గ్రంథి ఉంటుంది. మనకూ ఉంది. అది రక్తంలోకి వదిలే రసాయనాలనే హార్మోన్లు అంటాం. ఏది ఎప్పుడు వదలాలో దానికి చెప్పేది మెదడులోని హైపోథలమస్ అనే భాగం. గుడ్లు పెట్టే రోజుల్లో కొన్ని హార్మోన్లు అండాశయాన్ని నడిపిస్తాయి. ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది, అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే పోతుంది. గంపలో గుడ్లు పోగయ్యేకొద్దీ పెట్ట వాటి మీద కూర్చునే సేపు పెరుగుతుంది. దాని పొట్ట కింద ఈకలు రాలి, వెచ్చటి చర్మం బయటపడుతుంది. చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ చర్మానికి గుడ్డు తగిలితే ఆ కబురు నరాల వెంట మెదడుకు పోతుంది. అప్పుడు పిట్యుటరీ ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. ప్రొలాక్టిన్ పెరిగితే గుడ్డు పెట్టించే హార్మోన్లు తగ్గుతాయి, అండాశయం ముడుచుకుపోతుంది, ఆకలి చచ్చిపోతుంది. రోజుకు ఒకసారి లేచి నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, రెట్ట వేసి మళ్ళీ గంపెక్కుతుంది. కూర్చునేకొద్దీ ప్రొలాక్టిన్, ప్రొలాక్టిన్ ఉన్నకొద్దీ కూర్చోవడం. ఇక తిట్లు ఎక్కడ వినబడతాయి దానికి?

ప్రొలాక్టిన్ అన్న పేరు మీలో కొందరు ఆస్పత్రిలో విని ఉంటారు. కాన్పయ్యాక మనకు పాలు పడేట్టు చేసేది కూడా అదే. బిడ్డ రొమ్ము చీకితే ఆ స్పర్శ మెదడుకు చేరి ప్రొలాక్టిన్ వస్తుంది. పాలిచ్చే నెలల్లో నెలసరి ఆలస్యం కావడంలో దానికీ పాత్ర ఉంది. (అలాగని దాన్నే నమ్ముకుని ఊరుకోకండి, అది వేరే కథ.) పావురాల్లో ఇంకో విచిత్రం. వాటి గొంతు సంచిలో పిల్లల కోసం పాలలాంటి పదార్థం తయారవుతుంది. ఆడదానికే కాదు, మగదానికీ. నవ్వకండి, నిజమే! అమెరికాలో ఆస్కార్ రిడిల్ అనే శాస్త్రవేత్త పావురాల మీద పనిచేస్తూనే 1930ల మొదట్లో ఈ హార్మోన్‌కు ఆ పేరు పెట్టారు. 1935లో ఆయన బృందం గుడ్లు పెడుతున్న కోళ్ళకు ప్రొలాక్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే అవి పొదుగుకు వచ్చాయి.

ఇప్పుడు మన పెరట్లోకి వద్దాం. పెట్ట కూర్చున్న మొదటి రోజే మీరు తేల్చుకోవాలి, పొదిగించాలా, లేపాలా అని. పిల్లలు కావాలంటే కూర్చోనివ్వండి. ఏడో రోజు రాత్రి గుడ్లను టార్చి వెలుగులో చూడండి. లోపల నరాలు పాకి కనిపిస్తే మంచిది. తేటగా ఉంటే పిల్ల కట్టలేదు, తీసేయండి. పుంజు తొక్కని గుడ్లు పెట్టి వదిలేస్తే 21 రోజులు దాటినా అది కూర్చునే ఉంటుంది, చిక్కి శల్యమవుతుంది. నష్టం మీకే.

గుడ్లే కావాలంటే, గుడ్లు తీసేసి పెట్టను ఇనుప జాలీ అడుగున్న బోనులో వేయండి. బోనును నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. గడ్డి, ఊక ఏమీ వద్దు. వెలుతురు ఉండాలి, మేత, నీళ్ళు ముందుండాలి. కింది నుంచి గాలి తగిలి పొట్ట చల్లబడుతుంది, గుడ్డు స్పర్శ ఉండదు, ప్రొలాక్టిన్ పడిపోతుంది. మొదట్లోనే పట్టుకుంటే మూడు నాలుగు రోజుల్లో మామూలవుతుంది. అండాశయం తిరిగి పెరగాలి కాబట్టి గుడ్డుకు ఇంకొన్ని వారాలు ఆగాలి. వారం పది రోజులు కూర్చోనిచ్చాక లేపితే అంతా ఇంకా ఆలస్యమే. నీళ్ళలో ముంచితే కాసేపు చల్లబడుతుంది గానీ గంప అక్కడే ఉంటే తడి ఆరగానే మళ్ళీ ఎక్కుతుంది. ఈక గుచ్చితే మాత్రం బాధ తప్ప ఏమీ లేదు, అది ఇవాళ్టి నుంచి మానేయండి.

ఫారం లెగ్‌హార్న్ కోళ్ళు ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టడానికి ఒక కారణం, కూర్చునే గుణం లేనివాటినే తరతరాలుగా ఏరి పెంచడం. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ కూడా పొదుగుకు రావడం అరుదు. అందుకే వాటి గుడ్లు పొదిగించాలంటే మన నాటు పెట్టే దిక్కు. నా మటుకు నేను, పది కోళ్ళున్న ఇంట్లో రెండు నాటు పెట్టలు ఉండాలంటాను. కరెంటు అడగని ఇంక్యుబేటర్లు అవి.

వెలుతురు అన్నాను కదా, దాని వెనకా మెదడే ఉంది. పక్షుల మెదడు లోపల వెలుగును గుర్తించే కణాలుంటాయి. వెలుగు పుర్రె గుండానే వాటికి చేరుతుంది. ఫ్రాన్సులో జాక్ బెన్వా 1930లలో బాతుల మీద ఇది చూపించారు, కళ్ళు లేని బాతులకూ వెలుగు పనిచేసింది. డిసెంబరులో మనకు పగలు 11 గంటలే. పెట్టే కోడికి 14 గంటలు కావాలి. తెల్లవారుజామున గూట్లో ఒక బల్బు వేస్తే ఆ లోటు తీరుతుంది. ఎదిగీ ఎదగని పిల్ల పెట్టలకు మాత్రం వద్దు.

చివరిగా ఒకటి. ఈ ఏడాది కొన్ని సంఘాలు రోజు పిల్లలను కొని తేవాలనుకుంటున్నాయని విన్నాను. మీ దగ్గర పొదుగు మీద రెండు మూడు వారాలుగా కూర్చున్న పెట్ట ఉంటే, చీకటి పడ్డాక గుడ్లు తీసి పిల్లలను ఒక్కొక్కటే దాని రెక్క కిందికి తోయండి. పగలు చేస్తే పొడవచ్చు. రాత్రంతా పొట్ట కింద వెచ్చగా కదిలితే తెల్లారేసరికి చాలావరకు తనవే అనుకుంటుంది. ముందు మూడు నాలుగు పిల్లలతో చూడండి, పొద్దున్నే లేచి ఒకసారి గమనించండి, కొక్కొక్కో అని పిలిచి గింజ చూపిస్తుంటే మిగతావి మర్నాటి రాత్రి పెట్టేయండి.