కాఫీ పిప్పిలో పుట్టగొడుగులు
(మహిళా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం నుంచి)

టౌన్‌లో హోటళ్లవాళ్లు పారబోసే కాఫీ పిప్పి ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు మంచి మేత. అయితే ఆ రోజు దిగిన పిప్పే తేవాలి. మరిగే నీళ్లు పోసి డికాషన్ తీసింది కాబట్టి అప్పటికి శుభ్రంగానే ఉంటుంది. మర్నాటికి ఉంచారా, మన విత్తనం కంటే ముందు పచ్చ బూజు అల్లుకుంటుంది.

పిప్పి ఒక్కటే పెడితే ముద్దకట్టి గాలాడదు. ఉడకబెట్టి నీడన ఆరబెట్టిన వరిగడ్డి ముక్కలు సగానికి పైగా కలపండి. గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. తడి ఎక్కువైతే కుళ్లు వాసన కొడుతుంది, ఇక ఆ సంచి పెంటకుప్పకే.

విత్తనం కలిపి, సంచికి చిల్లులు పెట్టి, చీకటి గదిలో రెండు మూడు వారాలు ఉంచండి. తెల్లగా అల్లుకున్నాక వెలుతురు, గాలి, రోజూ నీటి తుంపర కావాలి. 20 నుంచి 30 డిగ్రీల వేడి చాలు. మన ఎండాకాలంలో మొదలుపెట్టకండి.

ఇక అసలు మాట. ‘విత్తనం మా దగ్గరే కొనండి, పంటంతా మేమే తీసుకుంటాం’ అని వచ్చేవాళ్లకు అడ్వాన్సు కట్టొద్దు. నేనూ కట్టాను. కోతనాటికి వాళ్లు ఫోను ఎత్తలేదు. కోసిన సరుకు రెండు రోజులకే వాడిపోయింది. ముందు నాలుగు సంచులు ఇంటి కూరకు పెట్టండి. విత్తనం కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. సంచి కట్టడం ఇప్పుడే చూపిస్తాను, కాస్త ముందుకు జరగండి.