పీజీ సెంటర్

పెద్ద విశ్వవిద్యాలయపు ప్రాంతీయ ప్రాంగణానికి తెలుగు జిల్లాల్లో వాడుకలో ఉన్న పేరు పీజీ సెంటర్. విశ్వవిద్యాలయం తన ఊరికి దూరంగా, మరో జిల్లాలో ఎమ్మే, ఎమ్మెస్సీ తరగతులు పెట్టి నడిపే శాఖ ఇది. డిగ్రీ కాలేజీలు చిన్న పట్టణాల దాకా వచ్చినా, ఆపై చదువు చాలాకాలం విశాఖపట్నం, హైదరాబాద్, తిరుపతి దాటలేదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్ల పైమాట. రైలు టికెట్‌ది పెద్ద ఖర్చేం కాదు. రెండేళ్ల గది అద్దె, మెస్ బిల్లు దగ్గరే లెక్క తప్పేది. చదవాల్సింది ఆడపిల్లయితే ఇంట్లోవాళ్ల మాటల్లో ఆ దూరం ఇంకా పెరిగేది.

1960ల చివర విశ్వవిద్యాలయాలే కదిలి వచ్చాయి. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర నల్లపాడులో, 1968లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అనంతపురంలో పీజీ సెంటర్లు తెరిచాయి. ఆ రోజుల్లోనే వరంగల్‌కు ఉస్మానియా వచ్చింది.

సెంటర్‌కు చదువు దగ్గరైనంతగా అధికారం దగ్గర కాలేదు. పైన ఉండేది వైస్ ఛాన్సలర్ కాదు, స్పెషల్ ఆఫీసర్. సిలబస్ ఖరారయ్యేది, ప్రశ్నపత్రం తయారయ్యేది ప్రధాన ప్రాంగణంలోనే. ఏ కొత్త కోర్సు కావాలన్నా, ఏ పోస్టు నింపాలన్నా ఫైలు అక్కడికి వెళ్లి రావాలి. ఒక మేలు మాత్రం తక్కువది కాదు: పట్టా మీద సెంటర్ పేరు కాక విశ్వవిద్యాలయం పేరే ఉండేది. ఉద్యోగానికి వెళ్లినచోట ఆ పేరుకు విలువ.

సెంటర్ కుదురుకున్నాక సొంత విశ్వవిద్యాలయం కావాలన్న మాట రావడం సహజం. 1976లో వరంగల్ సెంటర్ కాకతీయ, గుంటూరు సెంటర్ నాగార్జున విశ్వవిద్యాలయాలయ్యాయి. 1981లో అనంతపురం సెంటర్ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. అలా వేరుపడిన అనంతపురం కిందే తర్వాత కర్నూలు పీజీ సెంటర్ నడిచింది. 2008లో అదీ రాయలసీమ విశ్వవిద్యాలయంగా విడిపోయింది. వంశవృక్షం గీస్తే కర్నూలు తిరుపతికి మనవరాలవుతుంది. 2006లో కడప సెంటర్ యోగి వేమన, 2008లో శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్ల సెంటర్ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయాలయ్యాయి.

విడిపోవడమంటే బోర్డు మార్చడం ఒక్కటే కాదు. చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల అనుబంధం, వాటి పరీక్షల నిర్వహణ, వాటితో వచ్చే ఫీజుల ఆదాయం కొత్త విశ్వవిద్యాలయానికి దక్కుతాయి. మాతృసంస్థకు ఆ మేరకు తగ్గుతాయి. అయితే బోర్డు మారినంత త్వరగా అధ్యాపక పోస్టులు రాలేదు. కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీదే ఆధారపడి నడిచే విభాగాలు ఉన్నాయి. పేరు పెద్దదై, ల్యాబు చిన్నదిగానే మిగిలిపోవడాన్ని ఎదుగుదల అనడం కష్టం.

పీజీ సెంటర్ విద్యార్థికి చివరిదాకా మిగిలిన దూరం స్నాతకోత్సవానిదే. పాఠం సొంత జిల్లాలో విన్నా, పట్టా చేతికందే వేదిక ప్రధాన ప్రాంగణంలో ఉండేది. గౌను వేసుకోవడానికి అంత దూరం వెళ్లలేనివాళ్లు ఫీజు కట్టి ఓడీని (ఒరిజినల్ డిగ్రీని) పోస్టులో తెప్పించుకునేవారు. సెంటర్ విశ్వవిద్యాలయమయ్యాక ఆ వేదిక కూడా జిల్లాకే వచ్చింది. తల్లిదండ్రులు పొద్దున బస్సెక్కి వచ్చి, బిడ్డ పట్టా అందుకోవడం చూసి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరుకోగలుగుతున్నారు.