కుక్కకాటు, రేబిస్ రోగము
(సూరత్ నగరమున పర్వత్ పాటియాయందలి తెలుగు కార్మికుల సభలో చదివిన ఉపన్యాసపాఠము)



నేను వైద్యుడను గాను. వైద్యశాఖవారి పత్రములను తెనుగుచేయుట నా వృత్తి. కావున మొదట ఒక మాటనుగూర్చియే చెప్పెదను. ఈ రోగమునకు మనవారు జలభీతి యని పేరుపెట్టిరి. మనుష్యుల విషయమున ఆ పేరు సరియే కాని కుక్క విషయమున మోసకరము. రోగముగల కుక్క నీటిని చూచి బెదరదు. త్రాగుటకు మూతి పెట్టును గూడ. పిచ్చికుక్క యను మాటయు నట్టిదే. కొన్ని కుక్కలు ఉన్మాదముతో పరుగెత్తి ఎదుటబడినదానినెల్ల కరచుట నిజమే. మరికొన్ని ఏ మూలనో నక్కి, దవడ వ్రేలాడవేసి, చొంగ కార్చుచు, కాళ్లు పడిపోయి మూగగా చచ్చును. గొంతులో ఎముక చిక్కుకొన్నదేమో యని జాలిపడి దాని నోట వ్రేలు పెట్టుట కద్దు. ఈ మూగకుక్కయే ఎక్కువ భయంకరమని నా తలంపు. ఏలయన దానికి ఎవ్వరును భయపడరు.

కుక్కల రోగములన్నియు మనుష్యులకు అంటునవి కావు. పిల్లకుక్కలను రక్తవిరేచనములతో చంపు పార్వో యను రోగము మనకు రాదు. డిస్టెంపరు అను రోగమును మనకు రాదు. 2018లో ఈ గుజరాతులోనే గిర్ అడవియందు ఇరువదికి పైగా సింహములు మరణింపగా, వానిలో కొన్నింటియందు ఈ డిస్టెంపరు వైరసు కనబడినది. డిస్టెంపరు ముదిరిన కుక్కకును మూర్ఛలు వచ్చును గనుక చూచువారికి భేదము తెలియదు. తెలియనప్పుడు రేబిస్ అనియే యెంచవలెను.

రేబిస్ వైరసు కుక్క చొంగయందుండి కాటుద్వారమున మన శరీరము చేరును. అది రక్తమున బడి పోవునది కాదు; నరములను బట్టి మెల్లమెల్లగా మెదడునకు ప్రాకును. సామాన్యముగా దీనికి ఒకటి మొదలు మూడు మాసములు పట్టును. ముఖముపైని, మెడపైని, చేతివ్రేళ్లపైని కరచినచో త్వరితముగా చేరవచ్చును. మెదడు చేరి లక్షణములు కనబడిన పిమ్మట బ్రదికినవారు లేరన్నను తప్పులేదు. ఈ నడుమ దొరకు వ్యవధియందే సర్వమును చేసికొనవలెను.

చేయవలసిన మొదటి పనికి సబ్బు, నీరు చాలును. ఈ వైరసునకు పైన క్రొవ్వుపొర యుండును. సబ్బు దానిని కరగించును. కావున పారు నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు గాయమును కడుగవలెను. పదిహేను నిమిషములనగా నిజముగా పదిహేనే, గడియారము చూచుకొనుడు. మనవారు కారము, సున్నము, పసుపు, ఆకుపసరు పట్టింతురు. వీనివలన గాయము రేగునేగాని వైరసు చావదు. కట్టు బిగించుటయు తగదు.

రెండవది టీకా. 1885 జూలై 6వ తేదీన పారిసునగరమున పాశ్చరుగారు తొమ్మిదేండ్ల బాలునికి దీనిని మొదట వేసిరి. మనదేశమున 1900లో కసౌలీయందును, 1907లో కూనూరునందును పాశ్చరు సంస్థలు వెలసినవి. కసౌలీయందు సెంపుల్ అను వైద్యుడు గొఱ్ఱె మెదడునుండి చేసిన మందు చిరకాలము వాడుకయందుండెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులన్న భయము అప్పటిదే. ఆ మందు 2005 నాటికే మనదేశమున నిలిచిపోయినను, భయము మాత్రము ముసలివారి నోటినుండి పిల్లల చెవికి దిగుచునే యున్నది. ఇప్పటి సూది భుజమునకు వేయుదురు. చర్మములోనికి వేయు పద్ధతియందు మొదటి దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 28 దినములకు వేయుదురు. కండకు వేయు పద్ధతియందు 14వ దినమునను ఒకటి యుండును. రక్తము వచ్చిన గాయమైనచో, టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ అను మందును గాయములోనికే వేయవలెను. టీకావలని బలము శరీరమున పుట్టుటకు కొన్ని దినములు పట్టును. అంతదాక కాపాడునది యీ మందే. దానిని అడిగి వేయించుకొనుడు.

మరమగ్గముల రాత్రిపాళి ముగించి వేకువజామున నడచివచ్చువారికి కుక్కల గుంపు క్రొత్త కాదు. కాటుపడినవారు మొదటి సూదికి పోవుదురు. మూడవదానికి, నాలుగవదానికి కూలి పోవునని మానుదురు. మరికొందరు నడుమ తెలంగాణమునకు ఊరిపయనమై మరతురు. చీటి వెంట నుంచుకొన్నచో మిగిలిన సూదులు అచ్చటి ప్రభుత్వ వైద్యశాలలో వేయించుకొనవచ్చును. ఇచ్చట ఉమర్‌వాడాయందు నగరపాలకులవారి స్మిమర్ ఆసుపత్రి మనకు సమీపము.

పిల్లల మాట వేరుగా చెప్పవలెను. సందులో కుక్కపిల్లతో ఆడుచు గీచబడిన బిడ్డ, తల్లి కొట్టునని దాచును. లోకమున ఈ రోగమున చచ్చువారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు బాలురని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. దయచేసి, అమ్మలారా, కుక్క గీచినదని చెప్పిన బిడ్డను కొట్టకుడు.

కరచిన కుక్కను చంపుటయు మేలుగాదు. దానిని పదిదినములు కనిపెట్టవలెను; అన్నిదినములు క్షేమముగ నున్నచో కరచిననాడు దాని చొంగలో వైరసు లేదన్నమాట. అట్లని పదిదినములు సూది మానరాదు. ముందు మొదలుపెట్టుడు, కుక్క బ్రదికియున్నచో వైద్యుడే ఆపుమనును. వీధికుక్కలలో నూటికి డెబ్బదింటికైన టీకావేసి యేటేట నిలుపుకొన్నచో రోగమే అణగునని శాస్త్రజ్ఞుల నిర్ణయము. పెంచుకొనువారు పిల్లకు మూడవ మాసమున వేయించి, మరల ఏటేట వేయింపవలెను.

1994 సెప్టెంబరున మారికి భయపడి జనము ఈ నగరమునుండి పారిపోయిరి. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావుగారు వీధుల చెత్త నెత్తించి ఊరి రూపు మార్చిరి. చెత్త తగ్గినచోట కుక్కల గుంపును తగ్గును. హోటళ్ల యెంగిలి సందుమొగను పోయుట మనమే మానవలెను.

గర్భిణీస్త్రీలును పాలిచ్చు తల్లులును ఈ సూది వేయించుకొనవచ్చునా యని సభకు ముందు ఒక సోదరి అడిగినది. వేయించుకొనవచ్చును, ఆలస్యము చేయవలదు.